రైటర్ పద్మభూషణ్ మళ్ళీ చూశాక ఒక డౌటు: ఆ అమ్మ తన పేరుతోనే పుస్తకం ఎందుకు వేయలేదు?

ఏలూరురోడ్డు:

ఇది సినిమా చూసినవాళ్ళకే. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, అసలు మలుపు చెప్పకుండా ఈ ప్రశ్న అడగడం కుదరదు, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

2023 ఫిబ్రవరిలో రిలీజైనప్పుడు ఫ్రెండ్స్‌తో హాల్లో చూశాను. మాది బెజవాడ, సినిమాదీ బెజవాడే, హీరో సుహాస్ కూడా మా ఊరోడే, కాబట్టి ముందే సగం మార్కులు వేసేసి కూర్చున్నాం. లైబ్రరీలో చిన్న ఉద్యోగం చేసుకునే కుర్రాడు, పెద్ద రచయిత అయిపోవాలని అప్పు చేసి మరీ 'తొలి అడుగు' అని పుస్తకం వేసుకోవడం, దాన్ని ఒక్కడూ కొనకపోవడం, ఈలోపు ఇతని పేరుతో, ఇతని ఫొటోతో ఇతను రాయని ఇంకో పుస్తకం బయటికి రావడం, అది చూసి డబ్బున్న మావయ్య పిల్లనిస్తానని ముందుకు రావడం. భలే నవ్వుకున్నాం. చివర్లో ఆ పుస్తకం రాసింది వాళ్ళమ్మే అని తెలిసినప్పుడు మా బ్యాచ్‌లో అందరికీ ఒకేసారి జలుబు చేసింది. బయటికొచ్చి పునుగులు తిని ఇంటికెళ్ళిపోయాం.

మొన్న ఆదివారం మా అమ్మతో కలిసి ఇంట్లో రెండోసారి చూశాను. ఆ సీను దగ్గర అమ్మ ఏడుస్తుందని ఓరకంట చూస్తూనే ఉన్నా. ఏడవలేదు. సినిమా అయిపోయాక లేచి, పాలగిన్నె ఫ్రిజ్‌లో పెడుతూ ఒక్క మాట అంది: "రాసింది ఆవిడైతే పేరు వాడిది ఎందుకేసిందిరా?"

కొడుకు కోసం కదమ్మా అన్నాను. "ఊఁ" అంది. ఆ ఊఁ ఎలాంటిదో ఇంట్లో అమ్మలున్నవాళ్ళందరికీ తెలుసు.

అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. మనం చప్పట్లు కొట్టిన ఆ త్యాగమే అసలు సమస్య కాదా? సినిమా ఆ సమస్యని చూపించిందా, లేక దాన్నే వాడుకుని మనల్ని ఏడిపించిందా? ఇంకో చిన్న ఫిర్యాదు కూడా ఉంది. రైటర్ మీద తీసిన సినిమా కదా, పద్మభూషణ్ రాత ఎలా ఉంటుందో నా మనసులో నిలిచిన వాక్యం ఒక్కటీ లేదు. మీకేమనిపించిందో చెప్పండి.


సెకండ్‌షో:

బ్రో, నువ్వు అనవసరంగా బుర్ర పాడుచేసుకుంటున్నావ్. రెండు గంటలు హాయిగా నడిచే సినిమా, ఫైట్లు లేవు, ఐటెం సాంగ్ లేదు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు, ఇంకేం కావాలి.

నాకైతే ఈ సినిమాలో హీరో ఆశిష్ విద్యార్థి. పోకిరిలో ఎస్సైగా ఆ మనిషిని చూసి హడలిపోయినవాళ్ళం మనం, ఆయన తెర మీదికొస్తే చాలు ఎవడికో మూడిందని ఫిక్సయిపోతాం. అలాంటోడు ఇక్కడ లుంగీ కట్టుకున్న మిడిల్ క్లాస్ నాన్నలా కొడుకుని చూసి మురిసిపోతుంటే మొదటి పది నిమిషాలు నాకు అలవాటే కాలేదు, ఇప్పుడు ఏదో చేస్తాడు, ఇప్పుడు ఏదో చేస్తాడు అని చూస్తూ కూర్చున్నా. తర్వాత మస్తు నచ్చిండు. సుహాస్ గురించి చెప్పేదేముంది, కలర్ ఫోటో నుంచీ అదే పని, మొహంలో మన పక్కింటోడి టెన్షన్ పెట్టుకుని వస్తాడు.

నా కంప్లైంటల్లా వేరే. పుస్తకం రాసినోడెవడో వెతికే భాగం జర సాగింది. ఒక చోట నేను ఫోన్ తీసి క్రికెట్ స్కోరు చూసుకున్నా. ఆ వెతుకులాటలో ఇంకో నాలుగు జోకులు పడుంటే లెవెల్ వేరే ఉండేది. నువ్వడిగిన పేరు సంగతి మాత్రం నాకసలు తట్టనే లేదు, నిజం చెప్తున్నా. అమ్మ కొడుక్కోసం చేసింది, అంతే కదా.


అచ్చుతప్పు:

పద్మభూషణ్ రాత కనపడలేదన్న ఫిర్యాదుకి నేను జవాబు చెప్తాను, ఎందుకంటే నేనే పద్మభూషణ్‌ని. పేరు వేరే, బాధ అదే.

ఆరేళ్ళ క్రితం నా కథల సంపుటి నేనే వేసుకున్నాను. 500 కాపీలు. డీటీపీ, ముఖచిత్రం, కాగితం, బైండింగ్ అన్నీ కలిపి 62 వేలు అయింది. ఇంట్లో చెప్పింది 20 వేలు. తెలుగు పుస్తకం లోపలి పేజీలో 'ప్రతులకు' అని ఒకటి ఉంటుంది చూడండి, పెద్ద రచయితలకైతే అక్కడ పుస్తకాల షాపుల పేర్లు వరసగా ఉంటాయి, నాలాంటివాడికి సొంత ఇంటి అడ్రసు, సొంత ఫోన్ నంబరు. ఆ నంబరుకి ఈ ఆరేళ్ళలో ముగ్గురు ఫోన్ చేశారు. ఒకాయన పుస్తకం బాగుందన్నారు. ఒకాయన తన కవితల పుస్తకానికి నన్ను ముందుమాట రాయమన్నారు. మూడో ఆయన, మీకు ప్రెస్ ఉందా, పెళ్ళికార్డులు కూడా వేస్తారా అని అడిగారు.

షాపులో పెడదామని వెళ్తే 40 శాతం కమీషన్, అదీ అమ్ముడయ్యాక లెక్క చూస్తామన్నారు. లెక్క ఇంకా చూస్తూనే ఉన్నారు. జనవరిలో మన విజయవాడ పుస్తక మహోత్సవంలో తెలిసినవాళ్ళ స్టాల్లో ఒక మూల అడిగి పెట్టుకున్నా. 11 రోజులు సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్ళి నిలబడేవాణ్ణి. 19 కాపీలు పోయాయి. అందులో నాలుగు మా బంధువులవి, రెండు మా ఆవిడ నాకు తెలియకుండా తన ఆఫీసు అమ్మాయిలతో కొనిపించినవి. జనం వచ్చి పుస్తకం చేతిలోకి తీసుకుంటారు, వెనక అట్ట చదువుతారు, మన వైపు చూస్తారు, అట్ట మీద ఫొటో వైపు చూస్తారు, ఆ ఫొటోలోవాడు ఎదురుగా నిలబడ్డాడని అర్థమైపోగానే మొహమాటంగా నవ్వి మెల్లగా కింద పెట్టేస్తారు. ఆ నవ్వు నన్ను ఇంకా వదల్లేదు. మిగతా కాపీలు మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. వానాకాలం వస్తే ముందు వాటిని పైకెత్తుతాం, తర్వాతే బియ్యం బస్తా.

కాబట్టి నా దృష్టిలో ఈ సినిమా పట్టుకుంది రాతని కాదు, సిగ్గుని. పద్మభూషణ్ పుస్తకం వేసిన సంగతి ఇంట్లో దాస్తాడు, బాగా అమ్ముడయ్యాక గొప్పగా చెబుదామని. అది నూటికి నూరుపాళ్ళు నిజం. అప్పుకంటే ఎక్కువ భయం దానికే. బాకీవాడు నెలకోసారి అడుగుతాడు, చుట్టాలు ప్రతి పెళ్ళిలోనూ అడుగుతారు, "ఏం బాబూ, రాయల్టీ బాగా వస్తోందా" అని.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, కాస్త పక్కదారే అయినా. హీరోని బెజవాడ లైబ్రరీలో పెట్టడం నాకు బాగా నచ్చింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది ఈ ఊళ్ళోనే, అప్పట్లో అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్ళు ఊరూరూ తిరిగి లైబ్రరీలు పెట్టించారు. ఇప్పటికీ మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది, రసీదు తీసి చూసుకోండి. కొత్త రచయితకి లైబ్రరీ కొనుగోళ్ళే దిక్కు, ఒక్క ఆర్డరొస్తే ప్రెస్సు బాకీ తీరుతుంది. ఆ ఆర్డరు కోసం ఎదురుచూసి ఎదురుచూసి నేను మానేశాను. అలాంటి లైబ్రరీలో పొద్దస్తమానం పక్కవాళ్ళ పుస్తకాలు సర్దుతూ కూర్చునేవాడికి తన పుస్తకం వేసుకోవాలనిపించడంలో విచిత్రం ఏముంది.

పేరు సంగతి ఆడవాళ్ళెవరైనా చెప్తేనే బాగుంటుంది.


మాగాయజాడీ:

అచ్చుతప్పు గారూ, పెళ్ళికార్డుల ముక్క చదివి ఆఫీసులో పైకే నవ్వేశాను, మా మేనేజరు అదోలా చూశారు.

ఏలూరురోడ్డు గారూ, మీ అమ్మగారు అడిగింది నాకైతే కొత్త ప్రశ్న కాదు. మా ఇంట్లో మా పిన్నీ ఇదే అడిగింది, ఆవిడ కాస్త నోరున్న మనిషి కాబట్టి ఊఁ దగ్గర ఆగలేదు, అరగంట క్లాసు పీకింది.

మన దగ్గర ఈ కలంపేర్ల కథ ఒకప్పుడు తలకిందులుగా నడిచిందని గుర్తుందా? 60ల్లో, 70ల్లో వారపత్రికలంటే ఆడవాళ్ళ సీరియళ్ళే. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి, రంగనాయకమ్మ, వీళ్ళ నవలల కోసం అద్దె పుస్తకాల షాపుల్లో పేరు రాయించుకుని వంతు కోసం ఆగేవాళ్ళమని మా అమ్మమ్మ చెప్పేది. ఆ గిరాకీ చూసి మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు 'పురాణం సీత' పేరుతో ఇల్లాలి ముచ్చట్లు రాశారు. బీనాదేవి అంటే ఒక ఆవిడ అనుకుంటాం, నిజానికి అది భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకటే కలంపేరు. అంటే మగవాళ్ళు కూడా ఆడపేరు పెట్టుకుంటే తప్ప గిట్టుబాటు కాని రోజులు మన తెలుగులోనే ఉన్నాయి. అలాంటి భాషలో, 2023 సినిమాలో, ఒక తల్లి తన పుస్తకం మీద కొడుకు పేరు వేయడం మనందరికీ అంత సహజంగా ఎలా అనిపించింది? సెకండ్‌షో గారూ, మీకు తట్టలేదన్నారు చూడండి, నా పాయింటు అదే, మిమ్మల్ని అనడం కాదు, మొదటిసారి చూసినప్పుడు నాకూ తట్టలేదు.

ఇదే బెజవాడలో ఉండే పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ చదివారా? ఇల్లు అలకడంలో, ముగ్గులు పెట్టడంలో పడి ఒక ఇల్లాలు తన పేరే మర్చిపోతుంది. తన పేరేమిటో కనుక్కోవడానికి బయల్దేరుతుంది. నాలుగైదు పేజీల కథ. ఈ సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు అది చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. అందులో ఆవిడ పేరు వెతుక్కుంటూ పోతుంది. సినిమాలో ఆవిడ ఉన్న పేరు తీసి దాచేసుకుంటుంది. మనం దానికి కర్చీఫులు తడిపాం.

కానీ సినిమాని కొట్టిపారేయను. అమ్మ వేషం వేసిన రోహిణి కోసమైనా కొట్టిపారేయలేను. ఆవిడ గొంతు సంగతి మీలో ఎంతమందికి తెలుసు? గీతాంజలిలో గిరిజకి, శివలో అమలకి తెలుగులో మాట్లాడింది రోహిణే. ఏళ్ళ తరబడి వేరే హీరోయిన్ల మొహాలకి గొంతు అరువిచ్చిన మనిషి, ఇక్కడ తన మాటలన్నీ కొడుకు ఫొటో వెనక దాచుకున్న తల్లిగా చేసింది. డైరెక్టరు షణ్ముఖ ప్రశాంత్ ఇదంతా ఆలోచించే ఆవిణ్ణి తీసుకున్నాడా, లేక కలిసొచ్చిందా అన్నది వేరే సంగతి. నాకు మాత్రం ఆ సీనులో ఆవిడ మొహం కంటే గొంతే గుచ్చుకుంది.

ఇంకో మాట, ఇది మా పిన్ని ఒప్పుకోదు. కొడుకు పేరు వేయడంలో త్యాగం ఒక్కటే లేదేమో. నేను నాలుగేళ్ళుగా ఒక మారుపేరుతో రాస్తున్నాను, ఇక్కడ కాదు, వేరే చోట. మా అత్తగారింట్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే తిడతారని కాదు, ఎవరూ తిట్టరు, మంచివాళ్ళే. కానీ నేను రాసిన ప్రతి కోడలూ నేనే అనుకుంటారు, ప్రతి అత్తగారూ మా అత్తగారే అనుకుంటారు, కూరలో ఉప్పెక్కువైందని కథలో రాస్తే మర్నాడు ఉప్పు డబ్బా ఆవిడ దగ్గరకి వెళ్ళిపోతుంది. మారుపేరు ఉంటే ఆ గొడవ లేదు. సినిమాలో సరస్వతమ్మ కూడా కొడుకు పేరు వెనక కాస్త ఊపిరి పీల్చుకుని ఉంటుందనే నాకనిపిస్తుంది. సినిమా ఆ వైపు చూడలేదు, 'అమ్మ అంటే ఇచ్చేది' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. నా ఫిర్యాదు అది. ఆవిడకి కూడా కాస్త స్వార్థం, కాస్త సరదా, రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక దొంగతనంగా రాసుకోవడంలో ఉండే మజా ఇచ్చుంటే ఆ పాత్ర ఎక్కడికో పోయేది.


సెకండ్‌షో:

మాగాయజాడీ అక్కా, ఉప్పు డబ్బాకి దండం. గీతాంజలి గొంతు సంగతి నాకు తెలియదు, ఇప్పుడే వెళ్ళి రెండు సీన్లు చూసి వచ్చా, నిజమే, ఆ గొంతే!

అయినా ఒక్కటి ఒప్పుకోను. సినిమా 'మీ అమ్మ కలేంటో ఎప్పుడైనా అడిగారా' అని మొహం మీదే అడిగింది కదా. రిలీజైన వారంలోనే ఆడవాళ్ళకని కొన్ని థియేటర్లలో ఫ్రీ షోలు కూడా వేశారు, మా అమ్మ, పక్కింటి ఆంటీ కలిసి పోయొచ్చిండ్రు. మా అమ్మ సినిమా హాలుకి పోయి అప్పటికి ఆరేడేళ్ళయింది. నువ్వు చెప్పిన లోతు లేకపోవచ్చు, కానీ ఆ లోతుతో తీస్తే మా అమ్మ పోయేదా? అవార్డు సినిమా అని ఇంట్లోనే ఉండేది.


డాలస్‌కంది:

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. కిందటేడు మా అమ్మ ఆరు నెలలు మా దగ్గర ఉండటానికి వచ్చినప్పుడు ఈ సినిమా చూపించాను. అయిపోయాక బాగా ఎమోషనల్ అయిపోయి, "అమ్మా, నీ కల ఏంటమ్మా" అని అడిగాను. "ముందు సింకులో గిన్నెలు కడుగు, తర్వాత చెప్తా" అంది. కడిగాను. చెప్పకుండానే తిరిగి వెళ్ళిపోయింది.


అచ్చుతప్పు:

డాలస్‌కంది గారూ, మీ గిన్నెలు సరిగ్గా కడిగి ఉండరు.

సెకండ్‌షో తమ్ముడూ, నీ మాటలో న్యాయం ఉంది. మనం ఇక్కడ కూర్చుని తూకాలు వేస్తాం కానీ, ఫైట్లు లేకుండా, ఒక పుస్తకం చుట్టూ కథ అల్లి, తెలుగులో హాల్లో ఆడించడం చిన్న విషయం కాదు. పుస్తకం పేరెత్తితే పారిపోయే జనాన్ని రెండు గంటలు కూర్చోబెట్టారు. నాకు ఒక్క అసూయ మాత్రం ఉంది: సినిమాలో రెండో పుస్తకం అంత చప్పున అంత పేరు తెచ్చుకుంటుంది చూడండి, అది చూస్తుంటే నా కడుపు మండిపోయింది. అదెవరు రాశారన్నది నాకు సస్పెన్సు కాదు, డిస్ట్రిబ్యూటర్ ఎవరన్నదే సస్పెన్సు.

మాగాయజాడీ గారూ, మీరు రాసేది ఎక్కడో అడగను. కానీ పుస్తకం వేయాలనుకుంటే ముందు నాకు ఒక మాట చెప్పండి, 500 మాత్రం వేయకండి, 200 చాలు.


ఏలూరురోడ్డు:

అందరికీ థాంక్స్. ఇవన్నీ రాత్రి అమ్మకి చదివి వినిపించాను, ఉప్పు డబ్బా దగ్గర రెండుసార్లు చదివించుకుంది.

డాలస్ గారి గిన్నెల సంగతి విన్నాక నేను ముందే కడిగేసి మరీ అడిగాను, నువ్వూ ఏమైనా రాసేదానివా అని. అమ్మ నవ్వింది. రాయడమా, నాకు ఉత్తరం రాయడమే బద్ధకం అంది. మరి ఆ రోజు పేరు గురించి ఎందుకడిగావంటే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత చెప్పింది. పెళ్ళికి ముందు టైపు నేర్చుకుందట, ఇంగ్లీషు హయ్యర్ పాసైందట, నాకు ఇన్నేళ్ళూ తెలియదు. ఏదో ఆఫీసు ఉద్యోగానికి పరీక్ష రాస్తే ఇంటర్వ్యూకి రమ్మని ఉత్తరం వచ్చిందట, వేరే ఊళ్ళో. తాతయ్య దాన్ని పెట్టెలో పెట్టి, తేదీ దాటిపోయాక చూపించాడట. "అప్పటిదాకా నా పేరు మీద వచ్చిన కవరు అదొక్కటేరా. కుమారి అని, ఇంటిపేరుతో సహా, టైపు కొట్టి ఉంది. తర్వాత వచ్చినవన్నీ మీ నాన్న కేరాఫే" అంది. కోపంగా కూడా చెప్పలేదు, కరివేపాకు దూస్తూ చెప్పింది.

నేను సినిమా గురించి ఏం రాయాలనుకున్నానో మర్చిపోయాను.

అచ్చుతప్పు గారూ, మీ కథల పుస్తకం ఒకటి కావాలంది అమ్మ. ధర ఎంతో, ఎలా పంపాలో చెప్పండి. ఊరికే వద్దు, కొనుక్కుంటానంది.


అచ్చుతప్పు:

వెల 120 అండి. పోస్టు ఖర్చు నాది. అడ్రసు నాకు మెసేజ్ పెట్టండి, కేరాఫ్ ఎవరిదీ వద్దు, అమ్మగారి పేరు, ఇంటిపేరుతో సహా ఇవ్వండి. నా చేతిరాత కోడి గీసినట్టుంటుంది, కవరు మీద టైపు కొట్టించి పంపిస్తాను.


సెకండ్‌షో:

ఇరవయ్యో కాపీ పోయింది, అన్నా పార్టీ ఎప్పుడు?